బాత్ ఊళ్లో నీటి వెంట ఒక రోజు: చూడటం నుంచి మునగడం దాకా సమగ్ర మార్గదర్శి

లండన్‌లోనో బ్రిస్టల్‌లోనో చదువుకుంటున్న పిల్లల దగ్గరికి అమ్మానాన్నలు వస్తే, తిప్పి చూపించాల్సిన ఊళ్లలో బాత్ తప్పకుండా ఉంటుంది. పచ్చటి నీళ్ల రోమన్ కొలను ముందు ఒక ఫొటో, అర్ధచంద్రాకారంలో కట్టిన ఇళ్ల వరుస రాయల్ క్రెసెంట్ ముందు ఇంకో ఫొటో, ఒక టీ, ఒక బన్ను, సాయంత్రం రైలు. ఒంటికి చుక్క నీరు తగలదు. రెండు వేల ఏళ్లుగా జనం స్నానం కోసమే వస్తున్న ఊరికి వెళ్లి పొడి ఒంటితో తిరిగి రావడం నాకైతే మింగుడు పడదు.

అందుకే ఈ మార్గదర్శి. ఇందులో నేను చెప్పే పద్ధతి ఒక్కటే: నీటి వెంట నడవండి. ఊట పైకి తన్నుకొచ్చే చోట మొదలుపెట్టి, అదే నీటిని కాస్త రుచి చూసి, సాయంత్రానికి అదే నీటిలో మునిగి, ఏవన్ నది ఒడ్డుకు చేరండి. ఈ వరుస పట్టుకుంటే టికెట్లు, తిండి, నడక వాటంతటవే కుదురుకుంటాయి. వరుస తప్పితే, అంటే పొద్దున్నే మునిగేస్తే, ఆ తర్వాత ఒళ్లు బరువెక్కి మ్యూజియం చూడబుద్ధి కాదు.

ముందు ఒక తికమక తీర్చుకోండి

బాత్‌లో మీరు కొనాల్సిన టికెట్లు రెండు, అవి రెండు వేర్వేరు చోట్లవి. ఒకటి రోమన్ బాత్స్. ఇది మ్యూజియం, ఊరి కౌన్సిల్ నడుపుతుంది. ఇక్కడ చూడటమే, నీళ్లలో చెయ్యి కూడా పెట్టకూడదు. రెండోది థర్మే బాత్ స్పా. స్నానం చేసేది ఇక్కడ. రెండింటికీ మధ్య ఐదు నిమిషాల నడక. ఒకదాని టికెట్ రెండోదానికి చెల్లదు. రోమన్ బాత్స్ టికెట్ కొని, సంచిలో ఈత దుస్తులు పెట్టుకుని వచ్చి, లోపలికి వెళ్లాక ఉసూరుమనే వాళ్లు ఉంటారు.

రోమన్ కొలనులో ఎందుకు దిగనివ్వరు? కొలను అడుగున రోమన్లు పరిచిన సీసపు రేకులు 45 ఇంకా అలాగే ఉన్నాయి. పైకప్పు కూలిపోయి శతాబ్దాలైంది కాబట్టి ఎండ తగిలి నాచు పెరుగుతుంది, ఆ పచ్చరంగు అందువల్లే. ఆ నీటిని శుద్ధి చేయరు. వీటన్నిటికంటే పెద్ద కారణం 1978లో జరిగింది. అప్పట్లో ఈ ఊటనీటితో నిండే ఒక కొలనులో ఈదిన బాలిక నేగ్లేరియా అనే అమీబా మెదడుకు సోకి చనిపోయింది. మన పత్రికలు కేరళ కేసుల గురించి రాసేటప్పుడు ‘మెదడు తినే అమీబా’ అంటాయే, అదే. ఊళ్లో స్నానాలన్నీ ఆపేశారు. తర్వాత మట్టి, మురికి కలవకుండా లోతునుంచే నీళ్లు వచ్చేలా కొత్తగా బోర్లు వేశారు. నికొలస్ గ్రిమ్‌షా రూపకల్పన చేసిన థర్మే భవనం తెరిచింది 2006లో. అంటే దాదాపు 28 ఏళ్ల పాటు స్నానాల ఊళ్లో స్నానమే లేదు.

ఆ నీళ్లు ఎక్కడివి

ఊరి నడిబొడ్డున మూడు ఊటలున్నాయి: కింగ్స్ స్ప్రింగ్, క్రాస్ స్ప్రింగ్, హెట్లింగ్ స్ప్రింగ్. మూడూ కూతవేటు దూరంలోనే. పెద్దది కింగ్స్ స్ప్రింగ్. రోజుకు సుమారు 11.7 లక్షల లీటర్ల నీరు, 46 డిగ్రీల వేడితో పైకి వస్తుంది. వేల ఏళ్ల కిందట దక్షిణాన మెండిప్ కొండల మీద కురిసిన వాన సున్నపురాతి పొరల్లోంచి రెండున్నర కిలోమీటర్లకు మించిన లోతుకు దిగి, అక్కడి భూమి వేడికి కాగి, రాతి పగుళ్లలోంచి మళ్లీ పైకి వస్తోందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. ఇక్కడ అగ్నిపర్వతాల ప్రమేయం ఏమీ లేదు. మన దగ్గర భద్రాచలం పక్కన గుండాలలో గోదావరి ఒడ్డున గుంట తవ్వితే వేడినీళ్లు ఊరడం చూసినవాళ్లకు ఇది మరీ వింతగా తోచదు. బ్రిటన్‌లో మాత్రం ఒంటి వేడిని మించిన సహజ ఊటలు ఉన్న ఊరు ఇదొక్కటే.

బయల్దేరే ముందు: రోజు, టికెట్, రైలు

వీలైతే మంగళ, బుధ, గురువారాలు ఎంచుకోండి. వారాంతంలో రెండు చోట్లా ధర ఎక్కువ, జనమూ ఎక్కువే. నవంబరు చివర్లో మొదలయ్యే క్రిస్మస్ మార్కెట్ రోజుల్లో ఊళ్లో అడుగు తీసి అడుగు వేయడం కష్టం. మార్కెట్ చూడాలని ఉంటే అప్పుడే రండి, స్నానం కోసమైతే ఇంకెప్పుడైనా రండి. థర్మేను ఏడాదిలో కొన్ని రోజులు మరమ్మతులకు మూసేస్తారు, కాబట్టి రైలు టికెట్ కంటే ముందు స్పా టికెట్ చూడండి.

ఖర్చు: స్పాకి మనిషికి 40 పౌండ్ల పైమాటే, రోమన్ బాత్స్‌కి 20 పౌండ్లు దాటుతుంది. నలుగురు వెళ్తే చిన్న మొత్తమేం కాదు. రెండింట్లో ఒకదానికే డబ్బులుంటే ఏది? పెద్దవాళ్లకు నడక కష్టమైతే, చరిత్ర మీద పెద్దగా ఆసక్తి లేకపోతే, స్పా. మిగతా అందరికీ, ముఖ్యంగా మొదటిసారి వచ్చేవాళ్లకు, రోమన్ బాత్స్. ‘పైసలు పెట్టి వేడినీళ్లలో కూర్చోవడమేంటి, ఇంట్లో గీజర్ లేదా’ అనే నాన్నగారు ఇంటికొకరు ఉంటారు. వాళ్ల విషయంలో వాదన పెట్టుకోకండి, స్నానం అయ్యాక ధర చెప్పండి.

స్పా టికెట్ ఏ సమయానికి తీసుకోవాలన్నదే ఈ యాత్రలో అసలు కిటుకు. పై అంతస్తు కొలను ఆరుబయట ఉంటుంది. వెలుతురు ఉండగా దిగి, చీకటి పడ్డాక బయటికి రావాలి. డిసెంబరులో ఇక్కడ నాలుగింటికే పొద్దు గుంకుతుంది, కాబట్టి మూడు, మూడున్నర స్లాట్ చాలు. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురుంటుంది, అప్పుడు దొరికే ఆఖరి స్లాట్ తీసుకోండి. ఆ రోజు సూర్యాస్తమయం ఫోన్‌లో చూసి, దానికి గంట ముందు స్లాట్ పట్టండి.

లండన్ పాడింగ్టన్ నుంచి బాత్ స్పా స్టేషన్‌కు రైల్లో సుమారు గంటన్నర. బ్రిస్టల్ టెంపుల్ మీడ్స్ నుంచైతే పావుగంట కూడా పట్టదు. రైల్‌కార్డు ఉంటే మూడో వంతు తగ్గుతుంది. పొద్దున ఆఫీసు రద్దీ వేళ దాటాక ఎక్కితే ఇంకా చవక. కారులో వస్తే మాత్రం ఊళ్లోకి తీసుకురాకండి. లాన్స్‌డౌన్, న్యూబ్రిడ్జ్, ఆడ్ డౌన్ అని మూడు చోట్ల పార్క్ అండ్ రైడ్ ఉంది, కారు అక్కడ పెట్టి బస్సెక్కండి.

సంచిలో ఏం పెట్టుకోవాలి

తువ్వాలు, పైన వేసుకునే రోబ్, చెప్పులు స్పా వాళ్లే ఇస్తారు, టికెట్‌లోనే కలిసి ఉంటాయి. మీరు తెచ్చుకోవాల్సింది ఈత దుస్తులు మాత్రమే. జర్మనీ స్పాల్లోలాగా బట్టల్లేకుండా తిరిగే పద్ధతి ఇక్కడ లేదు, అందరూ ఈత దుస్తుల్లోనే ఉండాలి. అమ్మలకు ఇక్కడే బెరుకు. చీర, కాటన్ చుడీదార్, లుంగీ, బనీను, పొడవు నిక్కరు ఏవీ పనికిరావు. చేతులు, కాళ్లు కప్పే లైక్రా ఈత దుస్తులు డెకాత్లాన్ లాంటి చోట్ల దొరుకుతాయి, ముందే కొని ఇంట్లో ఒకసారి వేసి చూడమనండి. అనుమానం ఉంటే స్పాకి ఈమెయిల్ పెట్టి అడగండి. లోపలికి వెళ్లాక ఎవరూ ఎవర్నీ చూడరు, అందరూ కళ్లు మూసుకునే ఉంటారు.

ఆ రోజు తలకు నూనె పెట్టుకోవద్దు. గాజులు, పట్టీలు, ఉంగరాలు వీలైతే ఇంట్లోనే వదిలేయండి. పసుపుతాడు మెడలో ఉంటే నాని రంగు వదులుతుంది, దాని సంగతి ముందే ఆలోచించుకోండి. తడి బట్టలకు ఒక ప్లాస్టిక్ కవరు, తలకు ఒక ఉన్ని టోపీ. టోపీ ఎందుకో స్నానం అయ్యాక చలిగాలి తగిలినప్పుడు తెలుస్తుంది.

పొద్దున: రోమన్ బాత్స్

స్టేషన్ నుంచి పది నిమిషాలు నడిస్తే బాత్ అబ్బే అనే పెద్ద చర్చి ముందు రాతి గచ్చు మైదానం వస్తుంది. చర్చి ముఖద్వారానికి రెండు పక్కలా రాతి నిచ్చెనలు, వాటి మీద ఎక్కుతూ దిగుతూ దేవదూతలు. వాళ్లను చూస్తూ నిలబడితే కుడిచేతి వైపున రోమన్ బాత్స్ వస్తుంది. తెరిచే వేళకే లోపల ఉండండి. టికెట్‌తో పాటు చెవికి పెట్టుకునే ఆడియో గైడ్ ఇస్తారు. రెండు గంటలు కేటాయించండి. లిఫ్టులు ఉన్నాయి కానీ కొలను చుట్టూ ఉన్నవి రోమన్ల నాటి ఎగుడుదిగుడు బండలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల చెయ్యి పట్టుకోండి, వాళ్లు హీల్స్ వేసుకోకుండా చూడండి.

మొదట వచ్చేది పైన వరండా. అక్కడ నిలబెట్టిన రోమన్ చక్రవర్తుల విగ్రహాలు చూసి మురిసిపోకండి, అవి 1897లో, విక్టోరియా కాలంలో పెట్టినవి. పెద్ద కొలను మట్టిలోంచి బయటపడింది కూడా 1880 ప్రాంతంలోనే. అప్పటిదాకా దాని మీద ఇళ్లు ఉండేవి.

వరండా దిగే ముందు, లేదా దిగుతూ, కింగ్స్ బాత్ కనిపించే కిటికీ దగ్గర ఆగండి. అందరూ ఇక్కడ ఒక నిమిషం చూసి వెళ్లిపోతారు, మీరు ఓపిగ్గా నిలబడండి. ఇదే కింగ్స్ స్ప్రింగ్ ఊట, ఈ ఊరు పుట్టిన చోటు. నీటి మీద బుడగలు వస్తుంటాయి. నీరు మరగడం లేదు, భూమిలోంచి వాయువు పైకి వస్తోంది. గోడ మీద నారింజ రంగు మరక ఒక గీతలాగా ఉంటుంది. 1979 దాకా నీటిమట్టం అక్కడుండేది. గోడల్లో కూర్చోడానికి గూళ్లు, పట్టుకోడానికి కంచు కడియాలు. ఆ కడియాలు పదిహేడో శతాబ్దంలో జబ్బు నయమైనవాళ్లు మొక్కు తీర్చుకున్నట్టు ఇచ్చుకున్నవి. కొన్నింటి మీద పేర్లు కూడా ఉన్నాయి.

రోమన్లు రాకముందే ఇక్కడి జనం సూలిస్ అనే దేవతను కొలిచేవాళ్లు. రోమన్లు ఆమెను తమ మినర్వాతో కలిపి సూలిస్ మినర్వా అని గుడి కట్టారు, ఊరికి ఆక్వే సూలిస్ అని పేరు పెట్టారు. ఊట చుట్టూ ఓక్ దుంగలు దిగ్గొట్టి, సీసం పరిచి, తొట్టి కట్టి, ఆ నీటిని పల్లం వైపు కొలనులకు మళ్లించారు. పంపు లేదు, పొయ్యి లేదు. పెద్ద కొలను లోతు 1.6 మీటర్లు, నాలుగు వైపులా మెట్లు. ఇప్పటికీ అదే కాలువలోంచి నీరు అందులోకి వస్తోంది.

మ్యూజియంలో రెండు చోట్ల సమయం తీసుకోండి. ఒకటి, 1727లో మురుగు కాలువ తవ్వుతుంటే దొరికిన బంగారు పూత కంచు తల, సూలిస్ మినర్వాది. రెండోది శాపాల పలకలు. ఊటలో దాదాపు 130 దొరికాయి. పల్చటి సీసపు రేకు మీద లాటిన్‌లో రాసి, చుట్టి, దేవత ఉన్న నీళ్లలో వేసేవాళ్లు. డోసిమెడిస్ అనే అతనివి రెండు చేతి తొడుగులు పోయాయి. ఎత్తుకెళ్లినవాడికి మతి పోవాలి, కళ్లు పోవాలి అని రాసి పడేశాడు. రెండు తొడుగులకు అంత శాపం! మిగతా పలకల్లోనూ ఎక్కువగా ఇవే గోడు: స్నానానికి దిగితే పైబట్ట పోయింది, అంగీ పోయింది, డబ్బు పోయింది. సాయంత్రం స్పాలో చేతికి పట్టీ కట్టి లాకరు ఇచ్చినప్పుడు డోసిమెడిస్ గుర్తొస్తాడు.

పక్క గదుల్లో నేల కింద వరుసగా పేర్చిన ఇటుక దిమ్మెలుంటాయి. వాటి మధ్య నుంచి వేడి గాలి పోయి పైన గచ్చు వేడెక్కేది. రోమన్ల స్నానం ఒక్క మునకతో అయ్యేది కాదు. గోరువెచ్చటి గది, బాగా వేడి గది, మధ్యలో ఒంటికి నూనె మర్దన, చివర చన్నీటి కొలను. మనం అభ్యంగనంలో నూనె వదిలించడానికి సున్నిపిండి రుద్దినట్టు, వాళ్లు స్ట్రిజిల్ అనే వంపు తిరిగిన లోహపు బద్దతో నూనెను, చెమటను, మట్టిని గీకి పారేసేవాళ్లు. ఈ వరుస గుర్తు పెట్టుకోండి, సాయంత్రం పనికొస్తుంది.

పొంగిపొర్లిన నీరు బయటికి పోయే రాతి తూము దగ్గరికి తప్పకుండా వెళ్లండి. కళ్లజోడు ఉంటే ఆవిరికి మసకబారుతుంది. నీరు పారిన రాయంతా ఇనుము పట్టి ఎర్రగా తుప్పు రంగులో ఉంటుంది. అక్కణ్నుంచి ఆ నీరు రోమన్లు కట్టిన పెద్ద కాలువలోంచి ఏవన్ నదికి పోతుంది. ఈమధ్య ఆ కాలువలోని వేడిని పట్టి పక్కనున్న అబ్బే చర్చి నేలను వెచ్చబరచడానికి వాడుతున్నారు. చలికాలంలో చర్చిలోకి వెళ్తే మీ పాదాల కింద ఉన్నది ఈ వేడే.

పంప్ రూమ్: తాగే నీళ్లు

ఈ నీటిని తాగడం కూడా వైద్యమే అని ఒకప్పుడు నమ్మేవాళ్లు. అలా తాగడానికి కట్టిన గదే పంప్ రూమ్. మొదటిది 1706లో కట్టారు, ఇప్పుడున్నది 1799లో పూర్తయింది. నలభైకి పైగా ఖనిజాలున్న నీరు ఇది. మ్యూజియం చివర్లో కుళాయి ఉంటుంది, శుభ్రమైన బోరు నీరే వస్తుంది, ఒక గుక్క తాగి చూడండి. గోరువెచ్చగా, ఇనుము వాసనతో ఉంటుంది. రెండో గుక్క అడిగినవాళ్లను నేను చూడలేదు.

పద్ధెనిమిదో శతాబ్దంలో ఇక్కడ ఒక దినచర్య ఉండేది. పొద్దున్నే ఆరింటికి ఇద్దరు మోసే మూత కుర్చీలో ఇంటి నుంచి కొలనుకు. 1737లో ఊరి పెద్దలు నియమం పెట్టారు, ఆడా మగా తగిన స్నానపు బట్టలు లేకుండా దిగకూడదని. ఆడవాళ్లు బిరుసు గుడ్డతో కుట్టిన గౌన్లు వేసుకునేవాళ్లు, తడిసినా ఒంటికి అతుక్కోకుండా. స్నానం తర్వాత పంప్ రూమ్‌లో వాద్యాల నడుమ మూడు గ్లాసుల నీళ్లు, ఆపైన ఫలహారం, చర్చి, కబుర్లు, పేకాట, నాట్యం. వీటన్నిటినీ శాసించినవాడు బ్యూ నాష్. రాజు కాదు, అధికారి కాదు, ఊరి వేడుకల పెద్ద, అంతే. ఊళ్లో కత్తులు కట్టుకుని తిరగొద్దన్నాడు, నాట్యం రాత్రి 11 గంటలకు ఆపాల్సిందే అన్నాడు. రాజకుమార్తె ఇంకొక్క పాట అని అడిగినా ఆపించాడని చెప్పుకుంటారు.

ఆ వైద్యంలో కొంత నిజమూ ఉంది. సీసం విషం ఎక్కి కాళ్లు చేతులు పడిపోయినవాళ్లు ఇక్కడికి ఎక్కువగా వచ్చేవాళ్లు. అప్పటి మద్యంలో, గిన్నెల్లో, రంగుల్లో సీసం ఉండేది. మెడ లోతు నీళ్లలో చాలాసేపు కూర్చుంటే మూత్రం ఎక్కువగా వస్తుంది, దానితో ఒంట్లోని సీసమూ బయటికి పోతుందని తర్వాత పరీక్షల్లో తేలింది. 1742లో పేదల కోసం ఖనిజజల ఆసుపత్రి తెరిచారు.

తిండి విషయం త్వరగా చెప్పేస్తాను. పంప్ రూమ్‌లో టీ ఖరీదైనది, కానీ గది అందం కోసం ఒకసారి కూర్చోవచ్చు. సాలీ లన్స్ అనే హోటల్లో పెద్ద బన్ను ప్రసిద్ధి. ఈ ఊరి బన్నుల్లో సాధారణంగా గుడ్డు, వెన్న పడతాయి, గుడ్డు తినని వాళ్లు అడిగి తీసుకోండి. స్నానానికి కనీసం గంటన్నర ముందు భోజనం ముగించండి. కడుపు నిండా బిర్యానీ తిని నీళ్లలో దిగితే నిద్ర, వికారం రెండూ వస్తాయి.

మధ్యాహ్నం: కాస్త నడక

గే స్ట్రీట్ ఎక్కితే వలయంలా కట్టిన ఇళ్ల వరుస, దాని పేరు సర్కస్, అక్కడి నుంచి రాయల్ క్రెసెంట్. ఒకటి ఆర్కిటెక్టు పెద్ద జాన్ వుడ్ గీసింది, రెండోది కొడుకు జాన్ వుడ్ 1767లో మొదలుపెట్టింది. గుండ్రటి సర్కస్‌లో 14వ నంబరు ఇంటి ముందు ఒక్క క్షణం ఆగండి. రాబర్ట్ క్లైవ్ ఉన్న ఇల్లది. 1765లో మొగల్ పాదుషా షా ఆలం దగ్గర బెంగాల్ దివానీతో (పన్ను వసూలు హక్కుతో) పాటు ఉత్తర సర్కారుల ఫర్మానా కూడా ఈస్టిండియా కంపెనీకి రాబట్టింది ఈయనే. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా మన కోస్తా చేతులు మారిన ఆ కాగితం వెనకున్న మనిషి, జబ్బు ఒంటితో ఈ నీళ్ల కోసం ఇక్కడికి వచ్చేవాడు. గైడ్లు ఈ మాట చెప్పరు, మనమే చెప్పుకోవాలి.

తిరుగు దారిలో బాత్ స్ట్రీట్ గుండా రండి. రెండు వైపులా స్తంభాల వరండాలున్న పొట్టి వీధి, స్నానాలకు వెళ్లేవాళ్లు వానకు తడవకుండా కట్టింది. ఆ వీధి చివర గుండ్రటి చిన్న కట్టడం క్రాస్ బాత్. 1687లో ఇంగ్లండ్ రాజు రెండో జేమ్స్ భార్య, రాణి మేరీ సంతానం కోసం ఇక్కడ మునిగింది, మరుసటి ఏడు కొడుకు పుట్టాడు. ప్రొటెస్టంట్ల దేశానికి ఆ పిల్లాడు కేథలిక్ వారసుడవుతాడన్న భయమే 1688లో జేమ్స్ సింహాసనం పోవడానికి ఒక కారణమైంది.

సాయంత్రం: స్నానం

క్రాస్ బాత్ ఎదురుగానే థర్మే. గాజు గోడల మధ్య రాతి ఘనం. కౌంటర్‌లో చేతికి పట్టీ కడతారు, లాకరు తెరిచేది అదే. బట్టలు మార్చుకునే చోటు ఆడా మగా అందరికీ ఒక్కటే, కానీ ఎవరి గది వారిది, తలుపు గడియ ఉంటుంది. ఈ సంగతి అమ్మకు ముందే చెప్పండి, అక్కడికి వెళ్లాక చెబితే వెనక్కి తిరిగేస్తుంది. ఫోను లాకర్లోనే. కుటుంబం విడిపోతే వెతుక్కోలేరు, ఫలానా వేళకు ఫలానా కొలను దగ్గర అని ముందే అనుకోండి. గోడ గడియారాలు చూసుకోవచ్చు.

రెండు గంటల టికెట్ అంటే బట్టలు మార్చుకోవడం, తల ఆరబెట్టుకోవడం అన్నీ అందులోనే అని లెక్క వేసుకోండి. నీళ్లలో ఉండేది గంటన్నర.

ముందు షవర్. సబ్బుతో. ఇది మర్యాద మాత్రమే కాదు, మీ తర్వాత దిగేవాళ్ల నీళ్లు కూడా అవే. తర్వాత కింది అంతస్తులో మినర్వా బాత్. నీరు 33, 34 డిగ్రీల మధ్య ఉంటుంది. ఇక్కడే చాలామంది మొహాలు చిన్నబోతాయి: ‘ఇదేనా వేడినీళ్లు?’ పొగలు కక్కే తలంటు నీళ్లను ఊహించుకుని వస్తే నిరాశే. ఊటలో 46 డిగ్రీలున్న నీటిని కావాలనే చల్లార్చి ఇస్తారు, ఒంటి వేడికి కాస్త దిగువన ఉంటేనే గంటసేపు కూర్చోగలం. ఐదు నిమిషాలు కదలకుండా మెడ దాకా ఉండండి. ఒళ్లు ఎక్కడ ఆగిందో నీరు ఎక్కడ మొదలైందో తెలియని స్థితి ఒకటి వస్తుంది, దానికోసమే ఆ వేడిని అలా పెట్టారు.

తల ముంచి మూడు మునకలు వేయాలనిపిస్తుంది, చేయి చాపి దోసిట నీళ్లు తీసి వదలాలనిపిస్తుంది. నది స్నానం అలవాటున్న మనకు చేతులు ఊరుకోవు. ఇక్కడ తల పైనే ఉంచండి, నీటిని ముక్కులోకి, నోట్లోకి పోనివ్వకండి. ఈత కొట్టేవాళ్లూ కనిపించరు. కొలనులో ఒక పక్క నీటి ప్రవాహం మిమ్మల్ని మెల్లగా మోసుకుపోతుంది, దానికి ఒప్పుకోండి. గట్టిగా మాట్లాడితే గోడలకు తగిలి అందరికీ వినిపిస్తుంది, తెలుగు వాళ్లు లేరు కదా అనుకుంటే పొరపాటు, ఉంటారు.

అరగంట తర్వాత వెల్‌నెస్ అంతస్తుకు వెళ్లండి. పొద్దున చూసిన రోమన్ల వరుస ఇక్కడ పనికొస్తుంది. ఆవిరి గదిలో ఎనిమిది పది నిమిషాలు, బయటికి వచ్చి చల్లటి షవర్, ఆపైన మంచు గదిలో గుప్పెడు మంచు చేతులకు, మెడకు రాసుకోవడం, కాసేపు కూర్చోవడం. ఇది రెండుసార్లు చాలు. ఆవిరి గదిలో ఎవరెక్కువ సేపు ఉంటారని బావమరుదులతో పందేలు వద్దు. తల తిరిగినట్టనిపిస్తే వెంటనే బయటికి రండి, నీళ్లు తాగండి.

చివరికి మిగిలింది పైకప్పు కొలను. రోబ్ వేసుకుని వెళ్లి, కొక్కేనికి తగిలించి, చలికి వణుకుతూ దిగండి. చలికాలమైతే నీటి మీద ఆవిరి తెరలు తెరలుగా లేస్తుంది. ఒక పక్క అబ్బే గోపురం, చుట్టూ తేనెరంగు రాతి ఇళ్లు, వెనక కొండలు. అంచుకు చేరి మోచేతులు గట్టు మీద ఆనించండి. వీధి దీపాలు వెలిగేదాకా ఉండండి. మిగతా సమయమంతా ఇక్కడికే దాచుకోండి.

బయటికి వచ్చాక తల పూర్తిగా ఆరబెట్టుకోండి, టోపీ పెట్టుకోండి, అర లీటరు మంచినీళ్లు తాగండి. కాళ్లు తేలిపోతున్నట్టుంటాయి. పుల్టెనీ వంతెన దాకా మెల్లగా నడవండి. ఏవన్ మీద రెండు పక్కలా దుకాణాలున్న వంతెన ఇది, రాబర్ట్ ఆడమ్ రూపకల్పన, 1774లో పూర్తయింది. పొద్దున తూములోంచి పోతుండగా చూసిన నీరు చేరేది ఈ నదికే.

దిగకూడని వాళ్లు

గర్భిణులు, గుండె జబ్బున్నవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్ని అడగకుండా దిగొద్దు. మామూలు కొలనుకు డాక్టరు సరేనన్నా ఆవిరి గది మానేయమంటారు చాలాసార్లు. షుగర్ మందులు వాడే పెద్దవాళ్లు ఖాళీ కడుపుతో వెళ్లకూడదు, పాదాలకు పుండ్లుంటే దిగనే కూడదు. మోకాళ్ల నొప్పులకు ఆ పూట హాయిగా ఉంటుంది. నయమవుతుందని మాత్రం ఎవరికీ మాట ఇవ్వకండి.

పిల్లలు ఉంటే

థర్మే పెద్ద భవనంలోకి 16 ఏళ్లు నిండినవాళ్లకే ప్రవేశం. 12 దాటినవాళ్లు పెద్దల తోడుతో క్రాస్ బాత్‌కు రావచ్చు, దానికి టికెట్ వేరు, కొలను చిన్నది కాబట్టి త్వరగా అయిపోతాయి. అంతకంటే చిన్నపిల్లలుంటే వంతులు వేసుకోవడమే మార్గం. ఇద్దరు స్పాలో ఉన్నంతసేపు మిగతా ఇద్దరు పిల్లల్ని పుల్టెనీ వంతెన దగ్గరికి తీసుకెళ్లాలి. వేసవిలో అక్కడి నుంచి బాతాంప్టన్ దాకా పడవలు నడుస్తాయి. చలికాలమైతే పిల్లలున్న వంతువాళ్లు రోమన్ బాత్స్‌నే మధ్యాహ్నానికి మార్చుకోవచ్చు, అక్కడి ఆడియో గైడ్‌లో పిల్లల కోసం వేరే కథనం ఉంటుంది. శాపాల పలకల దగ్గర వాళ్లే మిమ్మల్ని కదలనివ్వరు.